మే నెలలో ఇల్లు మారుతున్నారా? ముందు గడియారం చూసుకోండి

నేను బ్యాంకులో పనిచేస్తాను. మాకు బదిలీ ఆర్డర్లు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే చేతికొస్తాయి. మాకనే కాదు, పిల్లల స్కూలు అడ్మిషన్లు, కాలేజీ చేరికలు, చాలామంది ఉద్యోగుల బదిలీలు అన్నీ ఆ రోజుల చుట్టూనే తిరుగుతాయి. రెండు రాష్ట్రాల్లోనూ స్కూళ్లు ఏప్రిల్ నాలుగో వారంలో మూసి, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఆ తర్వాత కొన్ని వారాల్లోనే ఆషాఢం. అందులో ఇల్లు మారడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. అందుకే ఎండలు ఎంత మండిపోతున్నా టూలెట్ బోర్డులు కనబడేదీ, లారీలు దొరకనిదీ మే నెలలోనే. నంద్యాల, రాజమండ్రి, విజయవాడ, ఇప్పుడు హైదరాబాద్. మా కాపురం ఊరు మారిన ప్రతిసారీ వేసవే.

ఇన్ని మార్పుల తర్వాత నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ఎండాకాలంలో ఇల్లు మారేటప్పుడు సామాను లెక్క కంటే గంటల లెక్క ముఖ్యం. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎవరూ బరువు ఎత్తకూడదు, సామాను నింపిన లారీ ఎండలో నిలబడకూడదు. ముందు ఈ నియమం పెట్టుకుని, లారీ, హమాలీలు, ముహూర్తం, వంట, ఏసీ మెకానిక్ అన్నీ దానికి తగ్గట్టు కుదుర్చుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. లారీవాడు ఎప్పుడొస్తే అప్పుడు మొదలుపెడతారు. లారీ పదింటికొస్తుంది, మిట్టమధ్యాహ్నం బీరువా మెట్ల మీద ఉంటుంది.

ఇల్లు చూసేది మధ్యాహ్నం మూడింటికి

వేసవిలో ఇల్లు వెతకడం కష్టమే గానీ అందులో ఒక పెద్ద లాభం ఉంది. నవంబర్లో ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మాత్రం ఇల్లు తన సంగతేమీ దాచుకోలేదు. అందుకని బ్రోకర్ పొద్దున్నే రమ్మన్నా సరే, మూడు, నాలుగు గంటల మధ్య వెళ్లండి. పడకగదిలో పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవకపోతే ఆ గదిలో రాత్రి పన్నెండు దాకా నిద్ర పట్టదు. పై అంతస్తు అయితే మళ్లీ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్లి రండి. పగలంతా స్లాబు పీల్చుకున్న వేడి లోపలికి దిగేది అప్పుడే. డాబా మీద తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్లరంగో వేయిస్తారా అని ఓనర్‌ని మొహమాటం లేకుండా అడగండి. అడ్వాన్స్ ఇవ్వకముందు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

తర్వాత నీళ్లు. బాత్‌రూంలో కుళాయి విప్పి ఐదు నిమిషాలు వదిలేయండి. ధార సన్నబడుతుందా, ఇసుక వస్తుందా చూడండి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, మణికొండ వైపు మే వచ్చేసరికి బోర్లు అడుగంటుతాయి, వీధుల్లో ట్యాంకర్లు తిరుగుతుంటాయి. ఈ విషయం ఓనర్‌ని అడిగితే లాభం లేదు, వాచ్‌మన్‌నీ పక్క పోర్షన్‌లో ఉండే ఆవిడనీ అడగండి. మంచినీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజు వస్తాయా, ఏ టైముకొస్తాయి, ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉన్నాయా, విడిగా వసూలు చేస్తారా, ఇవన్నీ వాళ్లు చెప్తారు. ఆ నాలుగు మాటలు మీ వేసవి ఖర్చును తేలుస్తాయి.

కరెంటు కూడా అంతే. ఏసీ పెట్టే గదిలో పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్ ఉందా, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే ఆగిపోయే స్విచ్చు) ఉందా, ఎర్తింగ్ ఉందా చూసుకోండి. బయటి యూనిట్ ఎక్కడ బిగించాలి, గోడకు కన్నం వేయడానికి ఓనర్ ఒప్పుకుంటారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. అందులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అంకెల్లో రాయించండి. దిగే రోజున గోడలు, సింకు, కుళాయిలు, కిటికీ అద్దాలు, కరెంటు మీటరు రీడింగు అన్నీ ఫోన్లో ఫోటోలు తీసి ఓనర్‌కి పంపేయండి. అడ్వాన్స్ తిరిగి తీసుకునే రోజున వాదన లేకుండా ఉంటుంది.

ముహూర్తం వేరు, సామాను వేరు

మా అత్తయ్యకి పంచాంగం చూడకుండా గడప దాటడం ఇష్టం ఉండదు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కాకపోతే పాలు పొంగించే ముహూర్తానికీ సామాను దిగే రోజుకీ ముడిపెట్టను. ముడిపెడితే మంచిరోజని ఊరంతా ఒకే రోజున లారీల కోసం పరుగెడుతుంది. రేట్లు పెరుగుతాయి, హమాలీలు ఒక ఇంట్లో పని ముగించి అలిసిపోయి మీ ఇంటికొస్తారు. అందుకే పంతులుగారిని తెల్లవారుజామున ముహూర్తం అడిగి, మనం మాత్రం ముందు వెళ్లి పాలు పొంగించుకుని వస్తే సరిపోతుంది. దేవుడి పటం, పసుపు కుంకుమ, బియ్యం, కందిపప్పు, ఉప్పు, బెల్లం, కొత్త గిన్నె, పాలు. గ్యాస్ ఇంకా రాదు కాబట్టి ఇండక్షన్ స్టవ్ పట్టుకెళ్లండి, దాని మీద వేడెక్కే గిన్నె కావాలి కాబట్టి అయస్కాంతం అంటుకునే, అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నె చూసుకోండి. రాగి, ఇత్తడి గిన్నెలు మామూలు ఇండక్షన్ మీద వేడెక్కవు.

అదే రోజున ఇంకో మూడు పనులు చేసుకోవచ్చు. ఫ్యాన్లన్నీ వేసి చూడటం, ట్యాంకు కడిగించమనడం, ఏ గదిలో ఏది పెట్టాలో గోడ మీద కాగితం అంటించడం. ఆ కాగితాల వల్ల సామాను దిగే రోజున ఒక గంటయినా మిగులుతుంది. హమాలీలు ప్రతి డబ్బాకీ "అమ్మా, ఇదెక్కడ?" అని అడగాల్సిన పని ఉండదు.

తేదీ మీ చేతిలో ఉంటే రోహిణి కార్తె రాకముందే పని ముగించుకోండి. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటివారం దాకా ఉంటుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇంకో సంగతి. మే నెలలో పగలు నిప్పులు చెరిగిన ఆకాశమే సాయంత్రానికి గాలిదుమారంతో వాన కుమ్మరిస్తుంది. వేసవే కదా అని లారీకి టార్పాలిన్ పట్టా లేకుండా బయల్దేరనివ్వకండి. పరుపులు ఒక్కసారి తడిస్తే ఇంక పనికిరావు.

లారీ, హమాలీలు

ఒకే ఊళ్లో మారుతుంటే తెల్లవారుజామున ఐదున్నరకి ఎత్తడం మొదలవ్వాలి, పదింటికల్లా కొత్తింట్లో దిగిపోవాలి. సింగిల్ బెడ్‌రూం సామానుకి టాటా ఏస్ రెండు ట్రిప్పులు, డబుల్ బెడ్‌రూంకి ఒక డీసీఎం వ్యాను సరిపోతుంది. ఎండలో రెండు ట్రిప్పుల కన్నా ఒక పెద్ద బండే మేలు. రెండో ట్రిప్పు ఎప్పుడూ మధ్యాహ్నానికే పడుతుంది.

ఊరు మారుతుంటే రాత్రిని వాడుకోండి. విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 270 కిలోమీటర్లు. సాయంత్రం నాలుగున్నర దాటాక ఎత్తడం మొదలుపెట్టి, తొమ్మిదింటికి పట్టా కట్టి తాళ్లు బిగిస్తే, సూర్యాపేటలో టీ తాగడానికి ఆగినా తెల్లారేసరికి బండి ఇంటి ముందు ఉంటుంది. పొద్దున తొమ్మిదిలోపు సామాను లోపల పడిపోతుంది. పైగా హైదరాబాద్‌లో పగటిపూట పెద్ద లారీలను రానివ్వని రోడ్లు చాలా ఉన్నాయి. పొద్దెక్కాక వస్తే శివార్లలో ఆపేస్తారు, బండి రోజంతా ఎండలో ఉడుకుతుంది. రాత్రి ప్రయాణం అన్నప్పుడు మాత్రం డ్రైవర్ పగలు నిద్రపోయాడా, ఇంకో ట్రిప్పు తిప్పి నేరుగా వచ్చాడా అని తప్పకుండా అడగండి. నిద్ర లేని మనిషిని రాత్రి హైవే ఎక్కించకూడదు. అవసరమైతే బయల్దేరడం ఒక రోజు వాయిదా వేసుకోండి.

బేరం మొత్తం పనికి కలిపి మాట్లాడండి. ఎత్తడం, దింపడం, అంతస్తులు, మంచాలు బీరువాలు విప్పి బిగించడం, టోల్ గేట్లు, అన్నీ. లిఫ్టు ఉంటే అసోసియేషన్‌ని ముందే అడిగి పెట్టుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో సామాను ఎక్కించడానికి టైములుంటాయి, డబ్బు కట్టించుకుంటారు. కరెంటు పోతే ఏంటన్నది కూడా అడగండి. జనరేటర్ మీద లిఫ్టు నడవకపోతే మెట్ల రేటు ఎంతో ముందే అనుకోవాలి. సామాను జాబితా రెండు కాపీలు రాసి డ్రైవర్ సంతకం తీసుకోండి. డబ్బు సగం ఎత్తాక, సగం దిగాక.

ఇక హమాలీల గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనం ఒక రోజు ఎండలో తిరిగి నీరసపడతాం. వాళ్లకు మే నెలంతా ఇదే పని. మంచినీళ్ల కుండ ఒకటి నీడలో, వాళ్ల చేతికి అందేచోట పెట్టండి. అడిగితే ఇద్దామనుకోవద్దు, చాలామంది మొహమాటపడి అడగరు. ముందురోజు రాత్రి పెద్ద గిన్నెలో పెరుగు తోడు వేసుకుని, పొద్దున అందులో నీళ్లు బాగా పోసి చిలికి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మకాయ పిండి మజ్జిగ చేసుకోండి. చెమటతో పోయేది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా. అందుకే ఉత్త చల్లనీళ్ల కంటే మజ్జిగ మంచిది. పెద్ద సామాను ఒకటి దిగిన ప్రతిసారీ అందరికీ ఒక గ్లాసు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొన్ని దగ్గర పెట్టుకోండి, పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు ఒకటి. సగం నీళ్లలో చిక్కగా కలపకూడదు. ఎవరికైనా తల తిరుగుతోందన్నా, కాళ్లు పట్టేస్తున్నాయన్నా వెంటనే నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో తుడవండి. మాట తడబడుతున్నా, మనిషి అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయకుండా, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి. బీరువా రోడ్డు మీద ఉంటే ఉండనివ్వండి.

ఇనప బీరువా, మంచం కోళ్లు, గ్రైండర్ రాయి, ఎండలో పది నిమిషాలుంటే చెయ్యి కాలుతుంది. పాత టవళ్లు నాలుగు తడిపి పిండి ఇస్తే పట్టుకోవడానికి బాగుంటుంది.

ఫ్రిజ్, ఏసీ

ఏసీ మెకానిక్‌కి మే నెలలో ఊపిరాడదు. లారీ కన్నా ముందు అతన్ని పిలవండి. పాత ఊళ్లో విప్పేవాళ్లు, కొత్త ఊళ్లో బిగించేవాళ్లు, ఇద్దరూ వారం ముందే ఖాయం కావాలి. స్ప్లిట్ ఏసీ విప్పేముందు గ్యాస్ పంప్‌డౌన్ చేయించాలి. ఏసీ నడుస్తుండగానే ముందు సన్నపైపు వాల్వు మూసి, గ్యాసంతా బయటి యూనిట్‌లోకి చేరాక లావుపైపు వాల్వు మూస్తారు. పక్కన నిలబడి చూడండి. తొందరలో నేరుగా పైపులు కోసేస్తే గ్యాసంతా పోతుంది, కొత్తింట్లో మళ్లీ నింపించుకోవాలి. రాగి పైపుల చివర్లు దుమ్ము పోకుండా మూయించి, మెలిక పడకుండా చుట్ట చుట్టించండి. ఒకసారి నలిగిన చోట పైపు తర్వాత చీలుతుంది. కొత్తింట్లో ముందుగా బిగించాల్సింది కూడా ఏసీనే. వార్డ్‌రోబ్ అడ్డం పెట్టేశాక మెకానిక్ నిచ్చెన వేయలేడు.

ఫ్రిజ్‌ని ముందురోజు రాత్రే ఖాళీ చేసి ఆపేయండి. ఐసు కరిగి, వెనకాల కింద ఉండే ట్రేలో నీళ్లు నిండుతాయి. ఆ ట్రే తీసి పారబోయాలి, లేకపోతే లారీలో ఆ నీళ్లు పక్కనున్న పుస్తకాల డబ్బాలోకి పోతాయి. లోపల తుడిచి, తలుపు తెరిచి ఆరనివ్వండి. వేసవిలో మూసిన ఫ్రిజ్ ఒక్క పూటలో వాసన పడుతుంది. నిలబెట్టే తీసుకెళ్లాలి. కొత్తింట్లో దిగాక రెండు మూడు గంటలు ఆగి, స్టెబిలైజర్ పెట్టి వేయండి. దారిలో పడుకోబెట్టారని తెలిస్తే ఒక రోజు ఆగడం మంచిది, ఎందుకంటే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోయి ఉంటుంది. ముందుండే తలుపు వాషింగ్ మెషీన్‌కి కొన్నప్పుడు వచ్చిన ట్రాన్సిట్ బోల్టులు (దారిలో డ్రమ్ము ఊగకుండా పట్టుకునేవి) వెతికి బిగించండి. ఇన్వర్టర్ బ్యాటరీ నిటారుగా, ఇద్దరు పట్టుకుని.

ఆవకాయ జాడీ

మనవాళ్లకి ఇల్లు మారే కాలమూ ఆవకాయ కాలమూ ఒకటే కావడం వల్ల ఈ సంగతి విడిగా రాయాల్సిందే. పచ్చడి కలిపిన రోజునో, మర్నాడో ఇల్లు మారకండి. మూడో రోజు తిరగకలిపి, ఊట పైకొచ్చి, ఉప్పు సరిచూసి, పైన పప్పునూనె తేలేలా పోసి ఉండాలి. ముక్క నూనెలో మునిగి ఉంటేనే ప్రయాణాన్ని తట్టుకుంటుంది. కుదరకపోతే కాయలు కొనడం కొత్తూరికి వాయిదా వేసుకోండి. జూన్ మొదటివారంలో కూడా ఆవకాయ కాయ దొరుకుతుంది.

ఉన్న పచ్చడి తీసుకెళ్లాలంటే పెద్ద జాడీలోంచి చిన్న జాడీల్లోకి, పొడిగరిటెతో తీయండి. అంచు దాకా నింపకూడదు. ఎండకి నూనె పొంగుతుంది, నాలుగు వేళ్ల వెలితి ఉంచాలి. అంచు పొడిగుడ్డతో తుడిచి, మూతి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద శుభ్రమైన తెల్లగుడ్డతో వాసెన కట్టి పురికొసతో బిగించాలి. మూత ఆ పైన. ఎంత కట్టినా నూనె కొంచెం ఊరుతుంది, అందుకని జాడీని ప్లాస్టిక్ బకెట్లో పెట్టి చుట్టూ పాత చీరముక్కలు దట్టంగా కూరాలి. బకెట్ లారీలోకి వెళ్లకూడదు. కారులో, కాళ్ల దగ్గర, మనిషి కనిపెట్టుకుని ఉండేచోట. డిక్కీలో అసలు వద్దు, ఎండలో ఆపిన కారు డిక్కీ పొయ్యి మీద మూకుడు లాంటిది. కొత్తింటికి చేరగానే వాసెన మార్చి, నూనె తగ్గితే కాచి పూర్తిగా చల్లార్చిన నూనె పోసుకోండి.

మా అత్తయ్య జాడీలను వేరే ఎవరి చేతికీ ఇవ్వరు. ఆమె పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదే ఇదంతా.

లారీలోకి వెళ్లకూడనివి

గ్యాస్ సిలిండర్, సెంట్లు, దోమల స్ప్రేలు, లైటర్లు, శానిటైజర్, పవర్ బ్యాంకులు మూసిన లారీలో పెట్టకండి. స్కూటర్ ఎక్కిస్తుంటే పెట్రోలు తీయించేయండి. మందుల డబ్బా మీతోనే ఉండాలి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే దాన్ని ఫ్లాస్కులో, ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. గడ్డకట్టినా పాడవుతుంది, ఎండలో ఉడికినా పాడవుతుంది. బంగారం, సర్టిఫికెట్లు, ఆధార్‌లు, పిల్లల టీసీలు ఒకే సంచిలో పెట్టి ఆ సంచి ఒక్కరి భుజానికే ఉంచండి, చేతులు మారకూడదు.

సర్దడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పుస్తకాలు చిన్న డబ్బాల్లో, స్టీలు సామాను పాత చీరల్లో, గాజు సామాను అడ్డగదులున్న అట్టపెట్టెల్లో. డబ్బా పైన కాకుండా పక్కన పేరు రాయండి, ఒకదాని మీద ఒకటి పెట్టాక పైన రాసింది కనబడదు. మొక్కల కుండీలకు ముందురోజు సాయంత్రం నీళ్లు పోసి, తులసి కోటలోని మొక్కను గోనెసంచి తడిపి చుట్టి కారులో పెట్టుకోండి. పెద్ద కుండీలు ఎవరికైనా ఇచ్చేయడమే మంచిది. మే నెల లారీ ప్రయాణాన్ని వాటిలో చాలావి తట్టుకోలేవు.

పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఆ రోజు ఇంట్లో ఉంచకండి. చుట్టాలింటికో, పక్కింటికో పంపండి. కొత్తింట్లో ఒక గది ఫ్యాను కిందో, కూలర్ ముందో సిద్ధమయ్యాకే వాళ్లు రావాలి. మొదటి రాత్రికి విడిగా ఒక సంచి సర్దుకోండి. దుప్పట్లు, ఒక జత బట్టలు, టార్చ్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, స్క్రూడ్రైవర్, దోమల బ్యాట్, చాకు, నీళ్ల క్యాను, అటుకులు, పెరుగు. ఆ రాత్రికి పెరుగన్నం, మామిడికాయ ముక్క చాలు. వంట మర్నాడు.

కాగితాలు

గ్యాస్ కోసం ముందు తిరగండి. అదే ఊళ్లో అయితే కనెక్షన్ కొత్త ఏజెన్సీకి మార్పించుకుంటే చాలు. ఊరు మారితే సిలిండర్, రెగ్యులేటర్ పాత ఏజెన్సీలో ఇచ్చి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, టెర్మినేషన్ వోచర్ రాయించుకోవాలి. అది చూపిస్తే కొత్త ఊళ్లో అప్పటి డిపాజిట్ కట్టించుకుని కనెక్షన్ ఇస్తారు. మధ్యలో ఆ కొన్ని రోజులకే ఇండక్షన్ స్టవ్.

ఖాళీ చేసే రోజున మీటరు రీడింగు ఫోటో తీసి, ఆ రోజు దాకా ఎంతయిందో ఓనర్‌తో లెక్క తేల్చుకోండి. వేసవిలో ఏసీ బిల్లు శ్లాబు దాటితే యూనిట్ రేటు పెరుగుతుంది, దిగిన నెల బిల్లులో పాతవాళ్ల యూనిట్లు మీ మీద పడకూడదు. తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి వస్తున్నవాళ్లు అది ఇంటి సర్వీస్ నంబరుతో ముడిపడి ఉంటుందని గుర్తుంచుకుని, కొత్త నంబరుకి మార్పించుకోవాలి. ఓటు మార్పుకి ఫారం 8. ఆంధ్రా నంబరు బండి తెలంగాణలో 12 నెలలు దాటి ఉంచుకునేట్టయితే పాత ఆర్టీఏలో ఎన్‌ఓసీ తీసుకుని ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి.

వీటిలో జూన్ 12 లోపు తప్పనిసరి అయినవి టీసీ, బోనఫైడ్, గ్యాస్, రెంటల్ అగ్రిమెంట్. మిగతావి మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక నిదానంగా తిరిగి చేసుకోవచ్చు.